పికప్ మారితే గిటార్ మైలపడుతుందా?

పాత ఎలక్ట్రిక్ గిటార్ కొనాలని బయల్దేరినవాడికి మొదటి అడుగులోనే ఒక హెచ్చరిక ఎదురవుతుంది: “పికప్‌లు ఒరిజినలేనా? కాకపోతే ముట్టుకోకు.” ఈ మాట అమ్మే వ్యాపారి అంటాడు, కొని దాచుకునే సేకర్త అంటాడు, జన్మలో ఒక్క పాత గిటార్‌నైనా ఒళ్ళో పెట్టుకోని కుర్రవాడూ అంటాడు. 1960లలో తయారైన ఫెండర్ ఒకటి దుకాణం గోడకు వేలాడుతుంటుంది. రంగు అరిగి చెక్క బయటపడి ఉంటుంది. ఎప్పుడో ఎవరో పికప్‌లు మార్చి ఉంటారు. ఇంకేముంది, పనికిరాదని తీర్పు వచ్చేస్తుంది. గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు తగిలించి ఒక్క తీగ మీటకముందే వచ్చేస్తుంది.

ఇంతమంది చెప్పే మాట గనుక ముందు దాన్ని ఉన్నదున్నట్టు వినాలి. వారి వాదం ఇది. ఎలక్ట్రిక్ గిటార్‌కు పికప్ గొంతులాంటిది. గొంతు మారాక అది ఆ గిటార్ కాదు. పాత పికప్‌ల పనితనం ఆ రోజులతోనే పోయింది, కొత్తవి వాటికి సాటిరావు. మార్చినవాడు విలువ తెలియక చెడగొట్టాడు. మార్చిన గిటార్‌కు మార్కెట్‌లో ధర పడిపోతుంది గనుక కొన్నవాడు నష్టపోతాడు. ఒళ్ళంతా అరిగిందంటే అది మోటుగా వాడిన సరుకు. పాత వాద్యం చరిత్రకు సాక్ష్యం, దాన్ని తాకకూడదు. చివరగా, కంటికి కనబడే మార్పు ఒకటుంటే కనబడనివి పది ఉంటాయి.

బీరువాలో పెట్టి తాళం వేసి, పదేళ్ళ తర్వాత మంచి ధరకు అమ్ముకోవాలనుకునేవాడికి ఈ సలహా అక్షరాలా సరైనదే. అతడికి గిటార్ ఒక ఆస్తి, దస్తావేజులు సరిగ్గా ఉండాలి. గొడవల్లా ఆ బీరువా కొలతను తీసుకొచ్చి వాయించేవాడి చేతిలో పెట్టి, ఇదే సంగీతానికి కొలత అని నమ్మించడంలో ఉంది. వాయించేవాడి వైపు నుంచి చూస్తే పై వాదంలో చివరిది తప్ప ఏదీ నిలబడదు. ఆ చివరిది కూడా సగమే నిలబడుతుంది.

1. “ఒరిజినల్ ధ్వని” అని ఒకటుందా?

పికప్‌లో మంత్రమేమీ లేదు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. దాని ఎదుట ఉక్కు తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం కదిలి, ఆ చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచి వినిపిస్తుంది. చుట్లు ఎక్కువైతే ధ్వని లావెక్కుతుంది, పైస్థాయిలో మెరుపు తగ్గుతుంది. తక్కువైతే ధ్వని పలచబడి గాజులా మోగుతుంది. అంటే పికప్ స్వభావమంతా ఎన్ని చుట్లు, ఎంత బిగువుగా, ఎలాంటి అయస్కాంతం చుట్టూ అన్న లెక్కలోనే ఉంది.

1950లలో ఆ లెక్క ఎవరూ కచ్చితంగా పాటించలేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ పికప్‌లకు తీగను యంత్రం తిప్పుతుంటే పనివారు వేళ్ళతో దారి చూపేవారు. 1956లో అక్కడ చేరిన అబిగెయిల్ యబార్రా చుట్టిన పికప్‌లను ఇవాళ జనం పేరుపెట్టి వెతుక్కుంటారు. ఒకే కంపెనీ, ఒకే నమూనా అయినా ఒకరి చేతిపని వేరు, ఇంకొకరి చేతిపని వేరు అని దానర్థం. మిషిగన్‌లోని కలమజూలో గిబ్సన్ వారి సంగతీ అంతే. సెత్ లవర్ రూపొందించిన రెండు చుట్టల హంబకర్ 1957లో లెస్ పాల్ గిటార్లకు ఎక్కింది. తొలి రోజుల్లో చుట్లు నిండగానే యంత్రం తనంతట తాను ఆగే ఏర్పాటు లేదు, నిండిందనిపించినప్పుడు పనివారే ఆపేవారు. అయస్కాంతం కూడా ఆల్నికో రకాల్లో ఆ రోజు చేతికి ఏది అందితే అది. అందుకే ఆ కాలపు హంబకర్లను కొలిస్తే ఒకటి ఏడు కిలో ఓమ్‌ల దగ్గర, ఇంకొకటి తొమ్మిది దగ్గర తేలతాయి. ఒకే నెలలో బయటికొచ్చిన రెండు గిటార్లు రెండు గొంతులతో పలుకుతాయి. ఇందులో ఏ గొంతు “ఒరిజినల్”?

ఆ హంబకర్ల అడుగున అంటించిన చిన్న నల్లచీటీ కథ ఇంకా తమాషా. లవర్ పేటెంటు కోసం 1955లో దరఖాస్తు చేశాడు, 1959లో మంజూరైంది. ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అన్న చీటీని మాత్రం గిబ్సన్ ఆ తర్వాత కూడా రెండు మూడేళ్ళు అంటిస్తూనే పోయింది. చివరికి నంబరున్న చీటీ వచ్చింది. కాని దాని మీద అచ్చయిన 2,737,842 హంబకర్ నంబరు కాదు, లెస్ పాల్ పేరిట ఉన్న తీగల ఊత పేటెంటు నంబరు! లక్షలు పోసి స్వచ్ఛతకు ఆధారంగా కొనే చీటీల వెనక ఫ్యాక్టరీకే ఇంత పట్టింపు లేదు.

ఇంకొకటి. స్ట్రాటోకాస్టర్ పాత పికప్‌లలో రాగి తీగను నేరుగా అయస్కాంతాల మీదే చుట్టేవారు. చెమట దిగి, అయస్కాంతం తుప్పుపట్టి, లోపలి తీగ తెగితే ఆ పికప్ మూగబోతుంది. అప్పుడు అదే అయస్కాంతాల మీద కొత్త తీగ చుట్టిస్తారు. అది ఒరిజినలా, మార్చినదా? ఒక దుకాణంలో ఒరిజినలే అంటారు, పక్క దుకాణంలో కాదు అంటారు. నిర్వచనమే తేలని గుణానికి ఇంత వెల కట్టడం వ్యాపారమైతే కావచ్చు, చెవికి సంబంధించిన విషయం కాదు.

2. మార్చినవాళ్ళు అమాయకులా?

పికప్ మార్చినవాడు పాత ఇంట్లో చెక్కడాల తలుపు పీకేసి రేకు తలుపు పెట్టించినవాడితో సమానమన్నట్టు మాట్లాడతారు. ఆ రోజుల్లో అవి పురావస్తువులు కావు, పనిముట్లు. ఒంటి చుట్ట పికప్ కరెంటు రొదను పట్టుకుని గుయ్‌మంటుంది. పెద్ద వేదిక మీద శబ్దం పెంచితే లోపల వదులుగా ఉన్న తీగ కీచుమంటుంది. రోజూ రాత్రి వాయించి బతికేవాడికి అది తీర్చుకోవలసిన ఇబ్బంది. మార్చి బిగించుకోవడానికంటూ విడిగా పికప్‌లు దొరకడం డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’తో 1972 ప్రాంతంలో మొదలైంది. సీమోర్ డంకన్ కంపెనీ 1976లో వచ్చింది. అంతకుముందు పికప్ మార్చాలంటే చాలాసార్లు మరో గిటార్‌లోంచి ఊడబీకాల్సి వచ్చేది.

డంకన్ మొదట చేసిన పనీ అదే. విరిగిన గిబ్సన్ ఫ్లయింగ్ వీ నుంచి తీసిన హంబకర్లను బాగుచేసి, ఒక పాత టెలికాస్టర్‌కు బిగించి గిటారిస్టు జెఫ్ బెక్‌కు ఇచ్చాడు. 1975లో వచ్చిన ‘బ్లో బై బ్లో’ ఆల్బమ్‌లో స్టీవీ వండర్ రాసిన ‘కాజ్ వీ హావ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ను బెక్ వాయించింది దానిమీదే. అదే ఆల్బమ్ అట్ట మీద కనిపించేది ఇంకో గిటార్: 1954 నాటి లెస్ పాల్. పుట్టినప్పుడు బంగారు రంగు, పీ-90 అనే ఒంటి చుట్ట పికప్‌లు. 1972లో మెంఫిస్‌లోని దుకాణంలో బెక్ దాన్ని చూసేసరికి రంగు ముదురు గోధుమ, పికప్‌లు హంబకర్లు. మారిపోయిందని వదిలేయలేదు, మారినదాన్నే కొన్నాడు.

కీత్ రిచర్డ్స్ ‘మికాబర్’ అని పిలిచే 1953 టెలికాస్టర్‌లో మెడ వైపున్నది గిబ్సన్ హంబకర్. నీల్ యంగ్ ‘ఓల్డ్ బ్లాక్’ 1953 లెస్ పాల్, బంగారు రంగు మీద నల్ల రంగు కొట్టినది. వంతెన దగ్గర ఉన్నది ఫైర్‌బర్డ్ గిటార్ పికప్. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1970ల మొదట్లో న్యూజెర్సీలో 185 డాలర్లకు కొన్న పాత ఫెండర్‌ను అంతకుముందే ఎవరో నాలుగు పికప్‌లు పట్టేలా లోపల తొలిచేశారు. చెక్క పోయి తేలికైంది. ‘బార్న్ టు రన్’ ఆల్బమ్ అట్ట మీద అతడి భుజాన ఉన్నది ఆ తొలిచిన గిటారే. కర్ట్ కోబెయిన్ 1991లో పాతది కొన్న 1965 జాగ్వార్‌లో అప్పటికే డిమార్జియో హంబకర్లు బిగించి ఉన్నాయి. ‘నెవర్‌మైండ్’ విడుదలయ్యాక అతడు ఊరూరా తిప్పింది దాన్నే.

పీటర్ గ్రీన్ 1959 లెస్ పాల్‌ది మరీ విడ్డూరం. మెడ దగ్గరి పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. రెండు పికప్‌లూ కలిపి మోగిస్తే ఒకదాని కంపనాలు ఇంకొకదాన్ని కొట్టేసి, ధ్వని సన్నగా, ముక్కుతో పలికినట్టు వస్తుంది. స్వచ్ఛతావాది లెక్కలో అది లోపం, సరిచేయించాలి. గ్రీన్ సరిచేయించలేదు. తర్వాతి యజమాని గ్యారీ మూర్ సరిచేయించలేదు. 2014లో కొన్న కర్క్ హామెట్ కూడా సరిచేయించలేదు. మూడు తరాల చెవులు ఆ “లోపం” కోసమే ఆ గిటార్‌ను పట్టుకున్నాయి.

“వాళ్ళ చేతుల్లో చీపురుపుల్ల అయినా మోగుతుంది, మనమెక్కడ?” అన్న ఎదురుమాట వెంటనే వస్తుంది. వచ్చినా తేలేదేమీ లేదు. ధ్వని చేతుల్లోనే ఉందంటే పికప్ మారితే గిటార్ గొంతు పోతుందన్న మొదటి వాదం అక్కడికక్కడే పడిపోయింది. పికప్‌లోనే ఉందంటే ఇంత పదునైన చెవులున్నవాళ్ళు మార్చినవాటిని ఎందుకు ఎంచుకున్నారో జవాబు చెప్పాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఈ ఏరు దాటలేరు.

3. తగ్గిన ధర ఎవరి నష్టం?

అసలు భయం డబ్బుది. “రేపు అమ్మబోతే సగానికి అడుగుతారు” అంటారు. నిజమే, మార్చిన గిటార్‌కు ధర తక్కువ. పాత గిటార్‌కు మళ్ళీ రంగు వేస్తే విలువ సగమైపోతుందన్నది ఆ వ్యాపారంలో అందరూ చెప్పుకునే లెక్క. పికప్‌ల మార్పుకూ కోత ఉంటుంది. కాని ఆ కోత ఎవరి జేబుకు పడిందో అడగరు.

మాటవరసకు, ఏ మార్పూ లేని గిటార్ 10 లక్షలు, అదే ఏడాది అదే నమూనా పికప్‌లు మారినది 6 లక్షలు అనుకుందాం. ఆ 4 లక్షల దెబ్బ తిన్నది మార్చిన యజమాని, లేదా అతడి దగ్గర్నుంచి తెలియక కొన్నవాడు. మారిందని తెలిసి 6 లక్షలకు కొన్నవాడికి ఆ దెబ్బతో పనిలేదు. రేపు అతడు అమ్మేదీ మార్చిన గిటార్ ధరకే. కొన్నదీ ఆ ధరకే. తరుగు ఒక్కసారే జరుగుతుంది, చేతులు మారినప్పుడల్లా జరగదు. ఇంత చిన్న లెక్కను వదిలేసి “ధర తక్కువ” అన్న మాటను “నష్టం” అన్న అర్థంలో చలామణీ చేస్తున్నారు. కొనేవాడికి ధర తక్కువైతే దాన్ని తెలుగులో లాభమంటారు.

నష్టభయం నిజానికి 10 లక్షలు పెట్టినవాడిది. ఫ్యాక్టరీలో పెట్టిన టంకం ఒక్కసారి కరిగిస్తే చాలు, ప్రీమియం కరిగిపోతుంది. ఒక వాల్యూమ్ కంట్రోల్ గరగరమంటే మార్చడానికి చేయి రాదు. పెళ్ళి కచేరీకి తీసుకెళ్ళడానికి గుండె చాలదు. మెట్లు అరిగితే కొత్తవి వేయించడానికి జంకు. వాయించడానికి కొన్న వస్తువును వాయించడానికే భయపడే స్థితిని అతడు అదనంగా 4 లక్షలిచ్చి మరీ కొనుక్కున్నాడు.

డేవిడ్ గిల్మర్ 1970లో న్యూయార్క్‌లో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్‌కు మెడలు మారాయి, పికప్‌లు మారాయి, 1980లలో వేరే రకం ట్రెమొలో కోసం చెక్క తొలిచి తర్వాత పూడ్చారు. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో అది 39,75,000 డాలర్లకు పోయింది. జెఫ్ బెక్ గోధుమరంగు లెస్ పాల్ 2025 జనవరిలో లండన్‌లో 10,68,500 పౌండ్లు పలికింది. ఆ అంకెలు గిల్మర్‌వి, బెక్‌వి, పికప్‌లవి కావు. పేరులేని గిటార్‌కు అంత రాదని ఎవరికైనా తెలుసు, ఆ ఆశ చూపి మార్చిన గిటార్‌ను అంటగట్టేవాడు కూడా మోసగాడే. అయితే ఆ వేలాల్లో గమనించాల్సింది వేరే ఉంది. మారినవాటిని ఊడదీసి, ఆ ఏడాది పికప్‌లు వెతికి బిగించి, “శుద్ధి” చేసి అమ్మాలని ఎవరికీ తోచలేదు. గిటార్ చరిత్రలో ఆ మార్పులే భాగమని కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ ఒప్పుకున్నారు.

4. అరుగుదల నేరమా, సాక్ష్యమా?

ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలగర్ 1963లో కార్క్ నగరంలో ఒక 1961 స్ట్రాటోకాస్టర్‌ను 100 పౌండ్లకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. జీవితాంతం వదల్లేదు. అతడి చెమటకు రంగు పొరలు పొరలుగా లేచిపోయి, చివరికి దాదాపు చెక్కే మిగిలింది. 2024 అక్టోబర్‌లో బొనామ్స్ వేలంలో 8,89,400 పౌండ్లకు పోయి, ఇప్పుడు ఐర్లండ్ జాతీయ మ్యూజియం సొత్తయింది. ఆ గిటార్‌కు రంగు పోయింది గాని పలుకు పోలేదు.

అరుగుదలలో రెండు రకాలున్నాయి. వాయిస్తే వచ్చేది ఒకటి: ముంజేయి ఆనే చోట రంగు పోవడం, మెడ వెనక నునుపు తేలడం, మెట్ల మీద గాడులు. అజాగ్రత్తతో వచ్చేది ఇంకొకటి: మెడ విరిగి అతికించడం, తడిలో పడి చెక్క ఉబ్బడం. మొదటిది ఆ గిటార్ మీద చేయి నిలిచిందనడానికి గుర్తు. బాగా పలకని గిటార్‌ను ఎవరూ ముప్ఫయ్యేళ్ళు ఒళ్ళో పెట్టుకోరు. అది మంచం కింద పెట్టెలోనే ఉండిపోతుంది. అరవయ్యేళ్ళ తర్వాత “మచ్చలేని, ఒరిజినల్” గిటార్‌గా బయటికొచ్చేది చాలాసార్లు ఆ పెట్టెలోదే. అది ఎందుకంత కొత్తగా మిగిలిందో ఎవరూ ప్రశ్నించరు.

ఈ కథలో అన్నిటికన్నా నవ్వొచ్చే ఘట్టం ఫెండర్ వారే సమకూర్చారు. 1995లో ఫెండర్ కస్టమ్ షాప్ ‘రెలిక్’ గిటార్లు మొదలుపెట్టింది. కొత్త గిటార్‌ను గీకి, రుద్ది, లోహపు భాగాలకు తుప్పు పట్టించి, పాతదిలా చేసి, మామూలు కొత్త గిటార్ కన్నా ఎక్కువ ధరకు అమ్మడం. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు. జనం ఎగబడి కొన్నారు, కొంటూనే ఉన్నారు. నిజమైన పులి అదే దుకాణంలో, పికప్ మారిందన్న పాపానికి, గోడ మూలన వేలాడుతోంది. ఉత్తుత్తి అరుగుదలకు డబ్బిచ్చి, అసలు అరుగుదలకు ముక్కు చిట్లించే అభిరుచిని వివేకమని పిలవడం కుదరదు.

5. స్వచ్ఛత మోజు చరిత్రను కాపాడిందా?

“పాత వాద్యం చరిత్రకు సాక్ష్యం, తాకకూడదు” అన్న వాదం వినడానికి గంభీరంగా ఉంటుంది. ఆచరణలో జరిగింది తలకిందులు.

1958 నుంచి 1960 దాకా వచ్చిన సన్‌బర్స్ట్ లెస్ పాల్‌లు అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోక ఆగిపోయాయి. తర్వాత వాటి ధర ఆకాశానికంటింది. దాంతో వాటిలోని హంబకర్లకూ విడిగా గిరాకీ పుట్టింది. అవే హంబకర్లున్న, అంత ధర లేని ఇతర గిబ్సన్ గిటార్లను విప్పి పికప్‌లు ఊడబీకారు. 1950ల తొలినాళ్ళ బంగారు రంగు లెస్ పాల్‌లను తొలిచి, వాటిలో ఈ హంబకర్లు పెట్టి, రంగు మార్చి, సన్‌బర్స్ట్‌ల వేషం కట్టారు. ఈ వేషానికి వ్యాపారంలో ‘కన్వర్షన్’ అని గౌరవప్రదమైన పేరు కూడా ఉంది. ఒక గిటార్‌ను “పూర్తి ఒరిజినల్” చేయడానికి ఇంకో ఒరిజినల్‌ను ముక్కలు చేయడం ఏ చరిత్ర పరిరక్షణ?

అక్కడితో ఆగలేదు. చీటీకి ధర ఉందనగానే దొంగ చీటీలు పుట్టాయి. ఏడాది సరిపోయే స్క్రూలు, మీటలు, ప్లాస్టిక్ మూతలు విడివిడిగా కొని బిగిస్తే “అన్నీ ఆ కాలానివే” అనిపించే గిటార్ తయారవుతుంది. అది ఏ ఫ్యాక్టరీ గుమ్మమూ ఆ రూపంలో దాటి ఉండదు. పికప్ మారిందని నిజాయితీగా చెప్పే గిటార్ కన్నా, నాలుగు గిటార్ల ముక్కలతో నిలబడి స్వచ్ఛమైనదాన్నని చెప్పుకునే గిటార్ ఎక్కువ అబద్ధం. ఈ అబద్ధాన్ని ఉత్పత్తి చేసింది స్వచ్ఛతకు ఇచ్చే అదనపు ధరే.

6. ఈ మడి వాద్యాలకు ఎప్పుడు అంటుకుంది?

ఎలక్ట్రిక్ గిటార్‌కు వయసు వందేళ్ళు కూడా నిండలేదు. మూడు శతాబ్దాల వాద్యాలను చూస్తే ఈ పట్టింపు ఎంత కొత్తదో తెలుస్తుంది. స్ట్రాడివారి చేసిన వయొలిన్లలో దాదాపు ప్రతిదానికీ తర్వాతి కాలంలో మెడ మార్చారు లేదా పొడిగించారు, లోపలి ఊత పట్టీ మార్చారు. శ్రుతి పెరిగింది, తీగల బిగువు పెరిగింది, పెద్ద సభలు నిండాలి. మార్చకపోతే అవి ఇవాళ్టి కచేరీలో పలకవు. వాటిని పాడైన వయొలిన్లని ఎవరూ అనరు.

మన వీణనే చూడండి. ఇరవైనాలుగు మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. ఎండకు, వాడకానికి మైనం కదులుతుంది, మెట్లు అరుగుతాయి. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ మేళం కట్టిస్తారు. స్వరస్థానాలన్నీ కొత్తగా కుదురుతాయి, అయినా అది తాతగారి వీణే. మృదంగానికి మూతలు ఎన్నిసార్లు మార్చినా కొయ్య పేరు మారదు. ధ్వని పుట్టే చోటే మారుస్తున్నారు, ఎవరికీ మైల పట్టలేదు.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పట్టుకున్న వాద్యం ఎలక్ట్రిక్ మాండొలిన్. దానికి నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగల మీద గమకం సాగదు. శ్రీనివాస్ జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టించాడు. ఫ్యాక్టరీ రూపం అలాగే ఉంచాలని ఆయన అనుకుని ఉంటే కర్ణాటక సంగీతంలో మాండొలిన్ ఉండేది కాదు. మార్పు తప్పా ఒప్పా అన్నది సభలో తేలింది, కేటలాగులో కాదు.

7. ఎదుటివారు చెప్పిన సగం నిజం

కనబడే మార్పు వెనక కనబడనివి ఉండొచ్చన్న మాటను కొట్టిపారేయడం మూర్ఖత్వమే. అయితే దానికి మందు పరీక్ష, పారిపోవడం కాదు.

పికప్ మార్పుల్లో తిరిగి సరిదిద్దుకోగలిగేది ఒకటి, శాశ్వతమైనది ఒకటి. అదే కొలతలో ఇంకో పికప్ బిగిస్తే రెండు టంకాలు విప్పి మళ్ళీ పాతది పెట్టుకోవచ్చు. ఒంటి చుట్ట ఉండే చోట హంబకర్ పట్టేలా చెక్క తొలిస్తే ఆ చెక్క తిరిగి రాదు. రెండింటికీ ఒకే ధర అడిగేవాడి దగ్గర కొనకూడదు. స్ట్రాటోకాస్టర్‌కు పైపలక విప్పితే లోపలి గుంటల ఆకారమే చెబుతుంది: ఫ్యాక్టరీ అంచులు నున్నగా ఉంటాయి, ఉలి పడిన అంచులు దాగవు. వాల్యూమ్ కంట్రోల్ వెనక అంకెలుంటాయి. 137తో మొదలైతే సీటీఎస్ తయారీ, 304 అయితే స్టాక్‌పోల్. తర్వాతి అంకెలు సంవత్సరాన్నీ వారాన్నీ చెబుతాయి. గిటార్ 1964దని అమ్ముతూ లోపల 1971 అంకె కనిపిస్తే ఆ సంగతి అమ్మేవాడే ముందు చెప్పి ఉండాలి. తీసేసిన పాత పికప్‌లు పెట్టెలో ఉన్నాయేమో అడగాలి, ఉంటే వాటి ధర వేరుగా కట్టాలి.

మెడలోని ఇనుప కడ్డీ తిరుగుతోందా, మెట్లకు ఇంకా ప్రాణం ఉందా, మెడ ఎక్కడైనా విరిగి అతికిందా అన్నవి పికప్ కన్నా పదింతలు ముఖ్యం. పికప్ మార్చడం ఒక సాయంత్రం పని. మెలితిరిగిన మెడను సరిచేయడం అలాంటిది కాదు. ఒరిజినల్ పికప్‌లున్నాయని మురిసిపోయి వంకర మెడ గిటార్ కొన్నవాడు మోసపోయింది ఈ “జాగ్రత్త” సలహా వల్లే. కళ్ళను తప్పు చోట కాపలా పెట్టించింది అదే.

దాపరికం నేరం. మారినదాన్ని మారలేదని అమ్మడం నేరం. మార్పు నేరం కాదు.

ఆండీ సమ్మర్స్ సంగతి చూస్తే చాలు. 1970ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో గిటార్ పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న రోజుల్లో, ఒక శిష్యుడి దగ్గర అతడు 200 డాలర్లకు ఒక 1960ల తొలినాటి టెలికాస్టర్ కొన్నాడు. ఒళ్ళంతా అరిగిపోయింది. మెడ వైపు పికప్ తీసేసి ఎవరో గిబ్సన్ హంబకర్ పెట్టారు. లోపల ప్రీఆంప్ ఇరికించారు, ఫేజ్ స్విచ్ తగిలించారు. ఇవాళ్టి సలహా ప్రకారం అది దణ్ణం పెట్టి వదిలేయాల్సిన గిటార్. కొన్నేళ్ళకు ‘ద పోలీస్’ బృందంలో దానిమీద వాయించిన ‘మెసేజ్ ఇన్ ఎ బాటిల్’ ప్రపంచమంతా మోగింది. 2007లో ఫెండర్ కస్టమ్ షాప్ ఆ గిటార్‌కు 250 నకళ్ళు తీసింది. రంగు ఎక్కడెక్కడ లేచిపోయిందో అక్కడక్కడే లేపింది, ఆ హంబకర్‌ను ఉన్నచోటే ఉంచింది. టెలికాస్టర్‌ను పుట్టించిన కంపెనీయే ఒరిజినల్ రూపానికి వెనక్కి వెళ్ళలేదు; మార్చిన రూపాన్నే కొలతలు తీసి, కొత్తగా తయారుచేసి అమ్మింది.